కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్: సూరత్ నేపథ్యంలో వాడకం, భద్రత

కాల్షియం గ్లూకోనేట్ నరం ద్వారా ఎక్కించే కాల్షియం మందుల్లో మన ఆస్పత్రుల్లో ఎక్కువగా కనిపించేది. 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో 10 శాతం ద్రావణంగా వస్తుంది. అంటే ఒక్కో ఆంప్యూల్‌లో ఉండే మందు 1 గ్రాము. భారత ప్రభుత్వం 2022లో ప్రకటించిన జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో దీనికి చోటుంది. రక్తంలో పొటాషియం పెరిగి తడబడుతున్న గుండెను నిలబెడుతుంది. కాన్పు గదిలో మెగ్నీషియం ఎక్కువై ఊపిరి మందగించిన తల్లికి విరుగుడవుతుంది. కాల్షియం పడిపోయి ఫిట్స్ వస్తున్న పసికందును కాపాడుతుంది. ఇదే మందును తొందరపడి తోసేస్తే గుండె ఆగిపోవచ్చు. నరం దాటి పక్క కండలోకి జారితే అక్కడి చర్మం, కండ కుళ్లిపోవచ్చు. మోతాదు సరిగ్గా లెక్కగట్టినంత మాత్రాన పని అయిపోదు. ఎంత నెమ్మదిగా, ఏ నరంలోకి, ఏ మందు పక్కన ఎక్కించారు, ఎక్కిస్తున్నంతసేపూ రోగిని ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు అన్నవే ఈ మందు మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది తేలుస్తాయి.

ఈ వ్యాసానికి సూరత్‌ను నేపథ్యంగా తీసుకోవడానికి కారణాలున్నాయి. తాపీ నది ఒడ్డున ఉన్న ఈ నగరం మరమగ్గాలకు, వజ్రాల సానకు, రసాయన పరిశ్రమకు పెట్టింది పేరు. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ఈ కుటుంబాలకు జబ్బు చేస్తే పెద్ద దిక్కు రెండు ప్రభుత్వ ఆస్పత్రులు. ఒకటి 1964లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న న్యూ సివిల్ హాస్పిటల్. రెండోది నగరపాలక సంస్థ నడిపే స్మీమర్. కాన్పులు, కిడ్నీ జబ్బులు, నవజాత శిశువుల చికిత్స, కాలిన గాయాలు, ఇలా కాల్షియం ఇంజెక్షన్ అవసరమయ్యే కేసులన్నీ ఇలాంటి పెద్దాస్పత్రులకే చేరతాయి. వీటికి తోడు ఈ ఊరికి ప్రత్యేకమైన అవసరం ఇంకొకటి ఉంది. అది ఫ్లోరిన్ రసాయనాలతో వచ్చే ప్రమాదం. దాని గురించి తర్వాత కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఆంప్యూల్‌లో ఏముంది

1 గ్రాము కాల్షియం గ్లూకోనేట్‌లో అసలు కాల్షియం 93 మిల్లీగ్రాములే. మిగతాదంతా దాన్ని మోసుకొచ్చే గ్లూకోనేట్. కాల్షియం క్లోరైడ్ ఆంప్యూల్ కూడా 10 మిల్లీలీటర్లే, అదీ 10 శాతమే. కానీ అందులో అసలు కాల్షియం దాదాపు 273 మిల్లీగ్రాములు, అంటే సుమారు మూడు రెట్లు. కేస్ షీట్‌లో 'ఇంజెక్షన్ కాల్షియం 10 ఎంఎల్' అని మాత్రమే రాసి వదిలేయడం ప్రమాదకరం అనేది ఇందుకే. ఉప్పు పేరు, గ్రాములు, ఎన్ని నిమిషాల్లో ఎక్కించాలి అన్న మూడూ రాయాలి. క్లోరైడ్ నరాన్ని ఎక్కువగా ఒరిపిస్తుంది కాబట్టి దాన్ని మెడ దగ్గర వేసే సెంట్రల్ లైన్‌లోకి ఇవ్వడం మేలు. చేతి నరం మాత్రమే దొరికినప్పుడు గ్లూకోనేట్‌నే ఎంచుకుంటారు.

గ్లూకోనేట్ మామూలుగా నీళ్లలో 3 శాతానికి మించి పెద్దగా కరగదు. 10 శాతం ద్రావణం అంటే కరిగే హద్దును దాటించి నిలబెట్టిన ద్రావణం. అది చెదిరిపోకుండా కాల్షియం శాకరేట్ అనే పదార్థాన్ని కొద్దిగా కలుపుతారు. అయినా కొన్ని ఆంప్యూళ్లలో స్ఫటికాలు పేరుకోవడం ఉంది. కాబట్టి వాడే ముందు వెలుతురుకు ఎత్తి చూడాలి. పలుకులు కనిపించినా, మసకగా ఉన్నా ఆ ఆంప్యూల్ పక్కన పెట్టాలి. ఈ మందును ఫ్రిజ్‌లో దాచకూడదు.

చరిత్ర, క్లుప్తంగా

గుండె కొట్టుకోవడానికి కాల్షియం కావాలని తేల్చినవాడు లండన్ వైద్యుడు సిడ్నీ రింగర్. కప్ప గుండెను కుళాయి నీటితో చేసిన ఉప్పు ద్రావణంలో ఉంచితే చాలాసేపు కొట్టుకుంది. స్వేదన జలంతో చేసిన ద్రావణంలో కాసేపటికే ఆగిపోయింది. తేడా కుళాయి నీటిలోని కాల్షియమేనని ఆయన 1883లో ప్రచురించాడు. సెలైన్ సీసాల మీద ఇవాళ్టికీ ఆయన పేరుంది. మొదట్లో ఇంజెక్షన్‌గా వాడిన కాల్షియం క్లోరైడ్ కణజాలాన్ని దెబ్బతీసేది. 1920ల చివర్లో స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీ గ్లూకోనేట్ రూపాన్ని బజారులోకి తెచ్చాక వైద్యులకు కొంత వెసులుబాటు దొరికింది. నరంలోకి వెళ్తుండగా ఒళ్లంతా వెచ్చబడినట్టు అనిపించడం ఈ మందు గుణం. రక్తనాళాలు వ్యాకోచించడం వల్ల వచ్చే ఆ వేడిని బలం వచ్చిందనుకునేవారు ఉన్నారు. బలానికి దీనికి సంబంధం లేదు. వేడి బాగా తెలుస్తోందంటే మందు వేగంగా వెళ్తోందని అనుమానించాలి. నీరసానికి, ఒళ్లు నొప్పులకు నరంలోకి కాల్షియం ఎక్కించడం ఏ ప్రామాణిక వైద్యంలోనూ లేదు.

పాడి రైతులకు ఈ మందు తోబుట్టువు బాగా తెలుసు. ఈనిన గేదెకు పాలజ్వరం వస్తే పశువైద్యుడు ఎక్కించే సీసా కాల్షియం బోరోగ్లూకోనేట్. సీసా ఎత్తి పట్టుకుని, గుండె చప్పుడు వింటూ, నెమ్మదిగా ఎక్కించడం అక్కడా నియమమే. సుముల్ డెయిరీకి పాలు పోసే సూరత్ చుట్టుపక్కల పల్లెల్లోనైనా, మన గోదావరి జిల్లాల్లోనైనా దీనికి మినహాయింపు లేదు.

ఏయే సందర్భాల్లో ఇస్తారు

మొదటిది పొటాషియం పెరిగిన సందర్భం. కిడ్నీలు పనిచేయని రోగి ఒక డయాలిసిస్ తప్పించుకుంటే చాలు, పొటాషియం ప్రాణాంతక స్థాయికి చేరవచ్చు. ఈసీజీలో టీ తరంగాలు గుడారాల్లా నిక్కుతాయి, పీ తరంగాలు చదునవుతాయి, క్యూఆర్ఎస్ వెడల్పవుతుంది. అప్పుడు కాల్షియం ఇస్తే 1 నుంచి 3 నిమిషాల్లో గుండె కణాల పొరలు స్థిరపడతాయి. ఇక్కడ మరిచిపోకూడని విషయం ఒకటి ఉంది. కాల్షియం పొటాషియాన్ని ఒక్క పిసరు కూడా తగ్గించదు. 30 నుంచి 60 నిమిషాల గడువు తెచ్చిపెడుతుంది, అంతే. ఆ గడువులో ఇన్సులిన్, గ్లూకోజ్ ఇవ్వాలి, డయాలిసిస్ ఏర్పాటు చూడాలి. ఈసీజీ బాగుపడిందని ఊరుకుంటే గంటలో మళ్లీ మొదటికే వస్తుంది. మోతాదుపై దేశానికో అలవాటు ఉంది. ఒక ఆంప్యూల్ ఇచ్చి 5 నుంచి 10 నిమిషాల్లో ఈసీజీ మారకపోతే మళ్లీ ఇవ్వడం ఒక పద్ధతి. బ్రిటన్ కిడ్నీ వైద్యుల మార్గదర్శకాలు ఒకేసారి 30 మిల్లీలీటర్ల గ్లూకోనేట్‌ను 10 నిమిషాల్లో ఇమ్మంటాయి. 10 మిల్లీలీటర్ల క్లోరైడ్‌లో ఉన్నంత కాల్షియం అందులో ఉంటుంది కాబట్టి ఆ లెక్క.

రెండోది కాన్పు గది. గుర్రపువాతం వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వడం 1995లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన తర్వాత ప్రపంచమంతటా స్థిరపడింది. ఆ మెగ్నీషియం హద్దు దాటితే ముందు మోకాలి చిప్ప కింద తట్టినప్పుడు కాలు ఎగరడం ఆగిపోతుంది, తర్వాత ఊపిరి మందగిస్తుంది, చివరికి గుండె ఆగుతుంది. అందుకే ప్రతి మోతాదుకు ముందు మూడు చూస్తారు. మోకాలి ప్రతిచర్య ఉండాలి, శ్వాస నిమిషానికి 16కు తగ్గకూడదు, మూత్రం గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. ఊపిరి ఆగే పరిస్థితి వస్తే మెగ్నీషియం ఆపి, ఊపిరి అందిస్తూ, 1 గ్రాము కాల్షియం గ్లూకోనేట్ నెమ్మదిగా ఇవ్వాలి. కేంద్ర ఆరోగ్య శాఖ లేబర్ రూం మార్గదర్శకాల్లోని అత్యవసర మందుల ట్రేలో మెగ్నీషియం సల్ఫేట్‌తో పాటు కాల్షియం గ్లూకోనేట్‌ను చేర్చింది ఇందుకే. ట్రేలో ఆంప్యూల్ ఉందా, గడువు తీరలేదు కదా అని షిఫ్టు మారినప్పుడల్లా చూసుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది. రాత్రి రెండు గంటలకు స్టోర్ తాళం చెవి కోసం వెతకాల్సి వస్తే దాని విలువ తెలుస్తుంది.

మూడోది కాల్షియం నిజంగానే పడిపోయిన సందర్భం. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత పక్కనే ఉన్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని పెదవుల చుట్టూ తిమ్మిర్లు పట్టడం, వేళ్లు కొంకర్లు పోవడం కనిపిస్తాయి. ఎక్కువ రక్తం ఎక్కించినప్పుడు అందులోని సిట్రేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఇలాంటి రోగులకు 1 నుంచి 2 గ్రాములు 50 మిల్లీలీటర్ల 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో కలిపి 10 నుంచి 20 నిమిషాల్లో ఇస్తారు, తర్వాత అవసరాన్ని బట్టి నెమ్మదిగా సాగే డ్రిప్ పెడతారు. మెగ్నీషియం కూడా తక్కువగా ఉంటే దాన్ని సరిచేయనిదే కాల్షియం నిలవదు.

సూరత్, ఫ్లోరిన్

సూరత్‌లోని భేస్తాన్‌లో 1967లో మొదలైన నవీన్ ఫ్లోరిన్ కర్మాగారం దేశంలోని ఫ్లోరిన్ రసాయన పరిశ్రమకు పాత చిరునామా. ఇలాంటి పరిశ్రమకు ముడిసరుకు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. వజ్రాల పగుళ్లలో ఇరుక్కున్న మలినాలను తొలగించే డీప్ బాయిలింగ్ అనే ప్రక్రియలో కూడా ఇతర ఆమ్లాలతో పాటు దీన్ని వాడతారు. కాబట్టి ఈ ఊరి క్యాజువాల్టీలో పనిచేసేవారికి ఈ ఆమ్లం స్వభావం తెలిసి ఉండటం తప్పనిసరి అని నా అభిప్రాయం.

మిగతా ఆమ్లాలు తగిలిన చోట కాలుస్తాయి. ఇది లోపలికి దిగుతుంది. ఫ్లోరైడ్ అయాన్ చర్మం దాటి కణజాలంలోకి, ఎముక దాకా వెళ్లి ఎదురైన కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ పట్టుకుంటుంది. కణాల నుంచి పొటాషియం బయటికి వస్తుంది. భరించలేని నొప్పి అందువల్లే. ఆమ్లం గాఢత 20 శాతం కంటే తక్కువగా ఉంటే నొప్పి, ఎరుపు వెంటనే కనిపించవు, ఒక రోజు వరకు ఆలస్యం కావచ్చు. పని ముగించుకుని ఇంటికెళ్లిన కార్మికుడు అర్ధరాత్రి వేళ్లు పట్టుకుని ఆస్పత్రికి రావడం ఈ రసాయనంతో జరిగేదే. బయటికి గాయం పెద్దగా లేదని పంపేయకూడదు, ఏ పని చేస్తావని అడగాలి. గాఢమైన ఆమ్లం అయితే శరీరంలో రెండు మూడు శాతం మేర తగిలినా రక్తంలో కాల్షియం కూలిపోయి మరణించిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. 2012 సెప్టెంబర్ 27న దక్షిణ కొరియాలోని గుమి పట్టణంలో ఈ ఆమ్లం లీకై ఐదుగురు కార్మికులు చనిపోయారు.

చికిత్సలో మొదటిది నీళ్లు. బట్టలు తీసేసి కనీసం 15 నిమిషాలు ధారగా కడగాలి. తర్వాత 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్‌ను, రుద్దేవారు గ్లవ్స్ వేసుకుని, నొప్పి తగ్గేదాకా రుద్దుతూ ఉండాలి. జెల్ దొరకనప్పుడు ఆస్పత్రిలో ఉన్న ఒక ఆంప్యూల్‌ను 30 మిల్లీలీటర్ల నీటిలో కరిగే లూబ్రికెంట్ జెల్లీలో కలిపితే అదే 2.5 శాతం అవుతుంది. కాథెటర్ వేయడానికి వాడే ఆ జెల్లీ ప్రతి వార్డులో ఉంటుంది. అందులో మత్తుమందు కలిసినది మాత్రం ఇక్కడ పనికిరాదు. ఎందుకంటే నొప్పి తగ్గిందా లేదా అన్నదే చికిత్స పనిచేస్తోందా లేదా అనడానికి కొలమానం. మత్తు ఇచ్చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. జెల్‌తో తగ్గకపోతే చర్మం కింద 5 శాతం గ్లూకోనేట్‌ను చదరపు సెంటీమీటరుకు అర మిల్లీలీటరు మించకుండా సన్నని సూదితో ఇస్తారు. ఇక్కడ కాల్షియం క్లోరైడ్ వాడకూడదు, అదే చర్మాన్ని చంపుతుంది. వేళ్ల గాయాలకు నిపుణుల చేతుల్లో ధమని ద్వారా ఇచ్చే పద్ధతి కూడా ఉంది. శరీరంలోకి ఎక్కువ ఫ్లోరైడ్ చేరిందనిపిస్తే ఈసీజీ మానిటర్ పెట్టి, రక్తంలో కాల్షియం మాటిమాటికీ చూస్తూ నరంలోకి ఇవ్వాలి. కార్ఖానాలోనే జెల్ ట్యూబు, నీటి షవర్ ఉంటే ఆస్పత్రికి చేరేలోపు సగం యుద్ధం గెలిచినట్టే.

అపాయాలు

మొదటి అపాయం వేగం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన లేబుల్ ప్రకారం పెద్దవాళ్లకు నిమిషానికి 200 మిల్లీగ్రాములు, నవజాత శిశువులు సహా పిల్లలకు నిమిషానికి 100 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే పెద్దవాళ్లకు ఒక ఆంప్యూల్ ఎక్కించడానికి కనీసం 5 నిమిషాలు. గుండె ఆగిపోయే స్థితిలోనో, పైన చెప్పినట్టు పొటాషియం ప్రాణాంతకంగా పెరిగినప్పుడో తప్ప దీన్ని దాటకూడదు. అంతకంటే వేగంగా వెళ్తే బీపీ పడిపోతుంది, నాడి మందగిస్తుంది, లయ తప్పుతుంది. 5 నిమిషాలు గోడ గడియారం మీద చిన్నవే. నలభై మంది రోగులున్న వార్డులో ఒకే స్టాఫ్ నర్సుకు అవి పెద్దవి. ఈ మందు భద్రత గురించి మాట్లాడేటప్పుడు ఆ నర్సుకు ఆ 5 నిమిషాలు ఎవరిస్తారన్న ప్రశ్న వదిలేస్తే మిగతా మాటలకు విలువ ఉండదు. సిరంజి పంపు ఉంటే వేగం చేతి మీద ఆధారపడదు.

రెండోది నరం జారడం. కాన్యులా మొన నరంలో నుంచి బయటికి వచ్చేసినా మందు వెళ్తూనే ఉంటుంది. కాల్షియం కణజాలంలో పేరుకుని చర్మం నల్లబడి ఊడిపోవచ్చు, సున్నపు గడ్డలు కట్టవచ్చు. కొన్నిసార్లు ఇది రోజుల తర్వాత గానీ బయటపడదు. కాబట్టి ముందు నార్మల్ సెలైన్‌తో నరం సాఫీగా ఉందో లేదో చూసుకోవాలి. మోచేతి దగ్గరి పెద్ద నరం మంచిది, అరచేతి వెనకాల సన్న నరాలు, పాదాల నరాలు వద్దు. ఎక్కిస్తున్నప్పుడు మంటగా ఉందా అని రోగిని అతనికి అర్థమయ్యే భాషలో అడగాలి. గుజరాతీ సరిగా రాని తెలుగు తల్లి మొహం చిట్లించి ఊరుకుంటుంది. పక్కనున్న బంధువుకు ముందే చెప్పి ఉంచితే ఆవిడ మాట చేరుతుంది. వాపు కనిపిస్తే వెంటనే ఆపి, కాన్యులా తీయకుండానే దాని ద్వారా వీలైనంత వెనక్కి లాగి, చేయి ఎత్తి పెట్టి, డాక్టర్‌ను పిలవాలి. హయలురోనిడేజ్ ఇంజెక్షన్ చుట్టూ ఇస్తే నష్టం తగ్గుతుంది. ఈ మందును కండకు వేయడం అనే ఆలోచనే వద్దు, చంటిపిల్లల్లో మరీ.

పసికందుల సంగతి వేరే. ఫిట్స్ వచ్చిన నవజాత శిశువుకు కిలోకు 1 నుంచి 2 మిల్లీలీటర్ల 10 శాతం గ్లూకోనేట్‌ను అంతే డెక్స్‌ట్రోజ్ కలిపి, మానిటర్ చూస్తూ కనీసం 10 నిమిషాలపాటు ఇస్తారు. నాడి పడిపోతుంటే ఆపేస్తారు. బొడ్డు ధమనిలోకి ఎప్పుడూ ఇవ్వకూడదు, పేగులకు రక్తం ఆగిపోతుంది. బొడ్డు సిరలోని గొట్టం చివర కాలేయం దగ్గర ఆగి ఉంటే కాలేయం దెబ్బతింటుంది.

మూడోది కలపకూడని మందులు. సోడియం బైకార్బొనేట్, ఫాస్ఫేట్‌లతో ఒకే లైన్‌లో వెళ్తే సుద్దలా గడ్డకడుతుంది. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది సెఫ్ట్రియాక్సోన్‌తో. మన ఆస్పత్రుల్లో అతి మామూలుగా వాడే యాంటీబయాటిక్ ఇది. ఇది కాల్షియంతో కలిసి ఊపిరితిత్తుల్లో, కిడ్నీల్లో పేరుకుని నవజాత శిశువులు మరణించిన కేసుల తర్వాత 2007లో అమెరికాలో హెచ్చరిక వచ్చింది. 28 రోజుల లోపు పిల్లలకు కాల్షియం ద్రావణాలు అవసరమైతే సెఫ్ట్రియాక్సోన్ ఇవ్వనే కూడదు, వేర్వేరు నరాల్లోకైనా సరే. పెద్దవాళ్లలో ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో లైన్‌ను సెలైన్‌తో కడిగి ఇవ్వవచ్చు. రింగర్ లాక్టేట్ సీసాలో కూడా కాల్షియం ఉందని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

గుండె జబ్బుకు డిగాక్సిన్ అనే మందు వాడుతున్న రోగికి కాల్షియం వేగంగా ఇస్తే లయ తప్పే ప్రమాదం ఉందన్న భయం 1936లో వెలువడిన రెండు మరణాల నివేదిక నుంచి కొనసాగుతోంది. ఇటీవలి పరిశీలనలు ఆ భయాన్ని కొంత తగ్గించాయి. అయినా నెమ్మదిగా, ఈసీజీ చూస్తూ ఇవ్వడమే అంగీకరించిన పద్ధతి. గాజు ఆంప్యూళ్ల నుంచి అల్యూమినియం కరిగి వస్తుంది కాబట్టి 2010లో బ్రిటన్, పిల్లలకూ కిడ్నీ జబ్బు ఉన్నవారికీ చిన్న గాజు సీసాల గ్లూకోనేట్‌ను రోజుల తరబడి ఇవ్వవద్దంది.

పొరపాటు మనిషి చేతిలోనే జరిగినా దాని మూలాలు వ్యవస్థలో ఉంటాయి. 2010 సెప్టెంబర్‌లో అమెరికాలోని సియాటిల్ పిల్లల ఆస్పత్రిలో 8 నెలల పాపకు 140 మిల్లీగ్రాముల కాల్షియం క్లోరైడ్ ఇవ్వాల్సి ఉండగా 1.4 గ్రాములు వెళ్లింది. పదింతలు. పాప దక్కలేదు. పొరపాటును తానే వెంటనే చెప్పిన, ఎన్నో ఏళ్ల అనుభవమున్న నర్సు ఉద్యోగం పోయింది. కొన్ని నెలలకు ఆమె ఆత్మహత్య చేసుకుంది. మోతాదును తలలో లెక్కగట్టి ఒక్కరే మందు లాగే పద్ధతి ఉన్నచోటల్లా ఇది జరగగలదు. ఇద్దరు విడివిడిగా లెక్క చూడటం, సిరంజి మీద మందు పేరు, బలం రాసిన లేబుల్ అంటించడం, చూడటానికి ఒకేలా ఉండే పొటాషియం క్లోరైడ్ ఆంప్యూళ్లను వేరే అలమరలో పెట్టడం అక్కరకొచ్చే పనులు.

పర్యవేక్షణ, నివేదన

విడతలుగా ఇస్తుంటే 4 నుంచి 6 గంటలకోసారి, డ్రిప్ నిరంతరంగా సాగుతుంటే 1 నుంచి 4 గంటలకోసారి రక్తంలో కాల్షియం చూడాలి. రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువగా ఉన్న రోగిలో మొత్తం కాల్షియం తప్పుదారి పట్టిస్తుంది, అయనైజ్డ్ కాల్షియం నమ్మదగినది.

కీడు జరిగితే దాన్ని రాయడానికి చోటుంది. 2010లో మొదలైన భారత ఔషధ నిఘా కార్యక్రమం ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నుంచి నడుస్తోంది. వైద్య కళాశాలల్లో దాని కేంద్రాలున్నాయి. 1800-180-3024 ఉచిత నంబరుకు ఎవరైనా ఫోన్ చేయవచ్చు. రోగులు నింపే ఫారం తెలుగులోనూ గుజరాతీలోనూ దొరుకుతుంది. అందులో మందు పేరుతో పాటు బ్యాచ్ నంబరు, ఏ నరంలోకి ఇచ్చారు, ఎన్ని నిమిషాల్లో ఇచ్చారు, అదే రోజు ఇంకే ఇంజెక్షన్లు వెళ్లాయి అన్నవి కూడా రాస్తే విశ్లేషించేవారికి పనికొస్తుంది.